ఎవరి పిల్లవని అడగని ఆరు వారాలు

మహాసముద్రం నడుమనున్న ఈ వావావు దీవులన్నిటిలో ఎవరికి ఎవరు ఏమవుతారో తప్పు లేకుండా చెప్పగలవాణ్ణి నేనొక్కణ్ణే. గొప్పకు చెప్పడం కాదు. తొమ్మిది తరాల వెనక్కి, పెంపుడు పిల్లలతో సహా, ఒక్క గుక్కలో అప్పజెబుతాను. ఒకసారి ఒక చావు దగ్గర వరసలు చెప్పడం మొదలుపెడితే నేను ముగించేసరికి శవపేటిక కొయ్య చిగురు వేసిందని మా ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. నేను చెప్పిన వరస తప్పన్న మనిషి ఇంతవరకు పుట్టలేదు. కాబట్టి లెసియేలి సంగతి నేను చెబితేనే సరిగ్గా ఉంటుంది.

నెయాఫు రేవుకు ఎగువన, ఒకప్పుడు ఎండుకొబ్బరి నిలవచేసిన రేకుల షెడ్డులో కాలేజీ పెట్టి అది రెండో ఏడు. గది ఒక్కటే. గోడలకు సున్నం వేసినా కొబ్బరి వాసన పోలేదు. ఎండ ముదిరితే పుస్తకాలకు కూడా ఆ వాసన పట్టేది. పన్నెండు మంది విద్యార్థులు. పొద్దున ఆరోగ్య సేవల పరిచయం, మధ్యాహ్నం మానవశాస్త్ర పరిచయం. పొద్దున బల్లమీద పడుకోబెట్టి నాడి చూసిన మనిషినే మధ్యాహ్నం ఎదురుగా కూర్చోబెట్టి తాతముత్తాతల పేర్లు అడిగే చదువన్నమాట.

ఆ సోమవారం పొద్దున లెసియేలి ఇనోకే మణికట్టు పట్టుకుని గోడ గడియారం వంక చూస్తోంది. ఆమెకు ముప్పై ఆరేళ్లు. చిన్నప్పటినుంచి చెట్టు బెరడును సమ్మెటతో సాగగొట్టి బెరడుబట్ట చేసిన చేతులు, వేళ్ల చివరలు కాయలు కాచి ఉంటాయి. అతని మణికట్టు మీద గాలపు తాడు కోసిన పాత మచ్చ అడ్డంగా ఉంది. ఆ మచ్చకు రెండు వేళ్ల కింద పట్టుకుంటేనే నాడి తెలుస్తుందని ఆమె మొదటి వారంలోనే కనిపెట్టింది. ఇప్పుడు చూడకుండానే వేళ్లు అక్కడికే వెళతాయి.

"బొటనవేలు తియ్," అంది సిస్టర్ కలోలైనే వెనకనుంచి. ఇరవై ఏళ్లు ఆసుపత్రి వార్డులో చేసి ఇప్పుడు పాఠం చెబుతున్న మనిషి. "దానికి దాని సొంత నాడి ఉంటుంది. దాంతో చూస్తే రోగి పోయినా నీకు బతికున్నట్టే ఉంటుంది."

"ఈవిడ వేళ్లేస్తే పోయినవాడు కూడా లేచి కూర్చుంటాడు సిస్టర్," అంది పక్క బల్లమీద పడుకున్న ఫూసి. ఆమె పడుకుంటే బల్ల కనిపించదు, నవ్వితే బల్ల కదులుతుంది.

"నీ నోటికి పట్టీ కడతాను ఉండు. ఎంతొచ్చిందమ్మా లెసియేలీ?"

"ఎనభై నాలుగు."

"మొన్నటిదాకా డెబ్బై. ఏమయ్యా ఇనోకే, పరుగెత్తుకుంటూ వచ్చావా?"

"మెట్లెక్కి వచ్చాను సిస్టర్."

"మూడు మెట్లు."

"పెద్ద మెట్లు సిస్టర్."

అందరూ నవ్వారు. లెసియేలి కాగితం మీద 84 వేసి దాని కింద అవసరం లేని గీత ఒకటి గీసింది.

తరవాత మంచం పరిచే పాఠం. దుప్పటి మూల ఎలా మడవాలో ఇద్దరిద్దరు కలిసి చేయాలి. ఇనోకే హాఅపాయి దీవులవాడు, లిఫుకా నుంచి వచ్చాడు. సరుకుల పడవలో తాడు కింద పడి కాలివేళ్లు రెండు నలిగితే సముద్రం వదిలేశాడు. ఇప్పుడు ఆసుపత్రిలో సహాయకుడి పని కోసం ఈ చదువు.

"అలా కాదు మడిచేది," అంది లెసియేలి.

"తెరచాపలు మడిచినవాడికి దుప్పటి మడవడం నేర్పుతావా?"

"తెరచాప మీద రోగి పడుకోడు."

"ఎందుకు పడుకోడు? నేనే పడుకున్నాను. జ్వరంతో మూడు రోజులు."

"ఎవరు చూసుకున్నారు?"

"ఎవరూ లేరు," అని అతను దుప్పటి తన వైపుకు సర్దాడు.

ఆ మాటకు ఆమె నోటిదాకా ఒక ప్రశ్న వచ్చి ఆగింది. మా దీవుల్లో ఇద్దరు ఎదురుపడితే ముందు అడిగేది అదే: ఎవరి పిల్లవు? అది అడగకుండా చేప కూడా కొనం. మీ నాన్న పేరు, మీ అమ్మ ఊరు, ఆమె తండ్రి ఏ పడవలో వచ్చాడు, ఇవన్నీ తేలితే గాని ఎక్కడ కూర్చోవాలో, ఏం మాట్లాడొచ్చో, ఎవరిముందు నవ్వకూడదో తెలియదు. లెసియేలి ఆరు వారాలనుంచి ఆ ప్రశ్న అడగలేదు. ఇనోకే కూడా అడగలేదు. మరచిపోయే ప్రశ్న కాదది. అడిగితే ఒక్కోసారి జవాబు వస్తుంది, అదీ భయం. నాయనమ్మలు అక్కచెల్లెళ్లయినా, తాతలు అన్నదమ్ములయినా చాలు, వాళ్లిద్దరూ అన్నాచెల్లెళ్లే. అన్నాచెల్లెళ్లు ఒక గదిలో కూర్చోరు, ఒకరినొకరు తాకరు, ఒకరి ఎదుట ఇంకొకరు వేళాకోళం వినరు. అందుకని ఆమె ఆ ప్రశ్నను రోజూ పొద్దున మింగేసి, అతని మచ్చ కింద రెండు వేళ్లు పెట్టేది.

మధ్యాహ్నం వార్విక్ సారు వచ్చాడు. ఆస్ట్రేలియా మనిషి. పొడుగెంతంటే షెడ్డు గుమ్మం దగ్గర ఆయన వంగిన చోట నేల గుంట పడిందంటారు. మంచివాడు. రెండు వారాల కిందటే అన్నాచెల్లెళ్ల మర్యాద గురించి బోర్డు నిండా రాసి, విద్యార్థులకే వివరించి చెప్పినవాడు.

"లోకంలో అందరూ మీలాగే ఉండరు," అన్నాడు ఆవేళ. "దూరంగా ఒక పెద్ద దేశం ఉంది. దాని దక్షిణపు కొసలో మేనమామ కూతుర్ని ఏరికోరి పెళ్లి చేసుకుంటారు. మేనత్త కొడుకుండగా పిల్లను బయటివాడికిస్తే అలిగి భోజనానికి కూడా రారు."

ఫూసి చేతిలోని పెన్సిలు కింద పెట్టింది.

"మేనత్త కొడుకంటే అన్న కదా సార్," అంది ఫూసి.

"వాళ్లకు కాదు. బావ."

"వాళ్లకు తిండి ఎలా దిగుతుంది సార్?"

"చక్కగా దిగుతుంది. మీ సంగతి వింటే వాళ్లూ ఇదే అడుగుతారు."

అందరూ ఇళ్లకు వెళ్లి చెప్పుకోవడానికి సరిపడా నవ్వుకున్నారు. లెసియేలి మాత్రం ఆ దేశం ఎంత దూరమో, పడవలో ఎన్నాళ్లు పడుతుందో అనుకుంటూ కిటికీలోంచి రేవు వంక చూసింది. అప్పుడే వార్విక్ సారు పెద్ద కాగితాలు పంచాడు. మగవాళ్లకు త్రికోణం, ఆడవాళ్లకు సున్నా, తోబుట్టువులకు పైన అడ్డగీత. నాలుగు తరాలు గీసి రేపు తీసుకురావాలి.

ఇనోకే కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. ఆమె వంక చూడలేదు.

లెసియేలి మేనత్త మెలెనైతే ఇంటి ముందు దుంగ దగ్గర కూర్చుని బెరడు కొడుతోంది. నానబెట్టిన తెల్లటి బెరడు పట్టీని ఎడమచేత్తో జరుపుతూ కుడిచేత్తో కొయ్య సమ్మెట వేస్తుంటే ఆ దెబ్బలు ఊరవతలికి ఒకే వరసలో వినిపిస్తాయి. అరవై అయిదేళ్ల మనిషి. ఇంట్లో ఆమె మాటకు తిరుగులేదు. తండ్రి అక్క మాటంటే మా దగ్గర తండ్రి మాటకన్నా పైది.

"రాసుకోవే," అంది కాగితం చూసి. "మా నాన్న మాయిలే. ఆయన తమ్ముడు లిఫుకా కెప్టెన్ సెమిసి. అది పెద్ద అక్షరాలతో రాయి."

పెన్ను ఆగిపోయింది. ఆ కెప్టెన్ పేరు లెసియేలి పుట్టినప్పటినుంచి వింటున్నదే. ఆ పేరు వల్లే మేనత్త చర్చిలో ముందు వరసలో కూర్చుంటుంది. ఆ పేరు వల్లే బెరడుబట్టకు రంగు వేసే రోజున ఆడవాళ్లు ఆమెకు చాప ముందు వేస్తారు. అయినా లిఫుకా అన్న మాట ఇవాళ వేరేగా వినిపించింది.

"కెప్టెన్‌కు పిల్లలున్నారా అత్తా?"

"లేకేం? కొడుకులున్నారు, మనవలుంటారు. రాజుల్లాంటి మనుషులు. గీత గియ్యి."

ఆమె రెండు త్రికోణాల మీదుగా అడ్డగీత గీసింది. లిఫుకాలో ఎంతమంది లేరు, అనుకుంది.

మంగళవారం వార్విక్ సారు పన్నెండు కాగితాలూ గోడకు కొట్టి, చేతిలో ఎర్ర ఉన్ని దారం ఉండతో నిలబడ్డాడు. ఒకే పేరు రెండు కాగితాల్లో కనిపిస్తే అక్కణ్ణించి ఇక్కడికి దారం కట్టడం ఆయన సరదా. ఫూసి కాగితంనుంచి ముగ్గురికి దారాలు వెళ్లాయి. "నన్ను కట్టేస్తున్నారు సార్," అని ఆమె నవ్వించింది. తరవాత ఆయన లెసియేలి కాగితం దగ్గర వంగి, ఇనోకే కాగితం దగ్గర వంగి, మళ్లీ వెనక్కి వచ్చాడు. ముఖం వెలిగిపోయింది.

"కెప్టెన్ సెమిసి, లిఫుకా. ఇక్కడా ఉన్నాడు, అక్కడా ఉన్నాడు." మేకుకు దారం చుట్టి రెండో మేకు దాకా లాగాడు. "ఈవిడ తాతకు తమ్ముడు, ఇతనికి సొంత తాత. లెసియేలీ, ఇనోకే, మీరిద్దరూ అన్నాచెల్లెళ్లు. ఆరు వారాలు పక్కపక్కన కూర్చుని మీకే తెలియదు. చూశారా, పరిశోధన అంటే ఇదే."

 సిస్టర్ కలోలైనే గుమ్మంలో నిలబడి ఉంది. ఆమె కళ్లు దించుకుంది.

ఇనోకే లేచాడు. దారం వంక కాసేపు చూశాడు. "మా తాత ప్రతి రేవులోనూ ఎవరో ఒకర్ని కూతురా, తమ్ముడా అనేవాడు. మాకు అందరూ తెలియదు," అని గోడకు చెప్పినట్టు చెప్పాడు. పుస్తకం తీసుకుని, తల వంచి, లెసియేలి వైపు వీపు పెట్టకుండా పక్కగా నడిచి వసారాలోకి వెళ్లి కూర్చున్నాడు. చెల్లెలు గదిలో ఉంటే అన్న బయటికి వెళతాడు. చెల్లెలిదే పైచేయి, గది ఆమెది. ఎవరూ అతన్ని పొమ్మనలేదు, ఎవరూ ఉండమనలేదు.

"నేనేమన్నానిప్పుడు?" అన్నాడు వార్విక్ సారు.

"చాలా బాగా చెప్పారు సార్," అంది ఫూసి.

సాయంత్రం లెసియేలి దుంగ దగ్గర మేనత్త ఎదుట కూర్చుని చాలాసేపు బెరడు తడిపింది. తడిసినదాన్నే మళ్లీ తడిపింది.

"అత్తా, కెప్టెన్ సెమిసి నిజంగా తాతకు తమ్ముడేనా?"

సమ్మెట ఆగలేదు. "నలభై ఏళ్లుగా ముందు వరసలో నన్నెందుకు కూర్చోబెడుతున్నారనుకున్నావ్, నా అందం చూసా?"

"ఊరికే అడిగాను."

"ఊరికే అడిగే ప్రశ్నా అది? ఎవరేమన్నారు?"

"కాలేజీలో ఆయన మనవడున్నాడు."

సమ్మెట ఆగింది. మెలెనైతే ముఖంలోకి వచ్చిన వెలుగు చూసి లెసియేలి ఇంకేమీ చెప్పలేకపోయింది.

బుధవారం పొద్దున సిస్టర్ జంటలు మార్చింది. లెసియేలికి ఫూసి. ఇనోకేకు ఎవరూ లేరు. వసారాలో కిటికీ పక్కన స్టూలు మీద కూర్చుని లోపలి మాటలు వింటూ రాసుకుంటున్నాడు. అక్కణ్ణించి బోర్డు కనిపించదు.

"వెతుకు, లోపల ఎక్కడో ఉంటుంది," అంది ఫూసి చేయి చాచి. "మా ఆయన పదిహేనేళ్లుగా వెతుకుతున్నాడు."

లెసియేలి ఆ లావు మణికట్టు మీద వేళ్లు జరిపి, నొక్కి, వదిలి, మళ్లీ నొక్కింది. దొరికింది. మెత్తగా, నిదానంగా కొట్టుకుంటోంది. ఏ మచ్చా లేదు. డెబ్బై రెండు అని రాసింది. గీత గీయలేదు.

సిస్టర్ బోర్డు మీద రాయడం మొదలుపెట్టింది. లెసియేలి దాన్ని చూసి రాసుకోకుండా పైకి చదవసాగింది.

"పెద్దవాళ్లకు నిమిషానికి అరవైనుంచి వంద. పసిపిల్లలకు నూరు దాటుతుంది. జ్వరంలో పెరుగుతుంది."

సిస్టర్ వెనక్కి తిరిగింది. "నీకు చెవుడొచ్చిందా, అంత గట్టిగా?"

"పైకి చదివితే గుర్తుంటుంది సిస్టర్."

సిస్టర్ ఒకసారి కిటికీ వంక చూసింది. వసారాలో పెన్సిలు కాగితం మీద గీసుకుంటున్న చప్పుడు వినిపిస్తోంది. ఆమె మళ్లీ బోర్డు వైపు తిరిగి, ఇదివరకటికన్నా నిదానంగా రాసింది.

మధ్యాహ్నం కొబ్బరి పాలలో వండిన చేమాకు పొట్లాలు అందరూ పంచుకున్నారు. ఇనోకే తన పొట్లం ఫూసి చేతికిచ్చి పంపాడు.

"మీ అన్న పంపాడు. పెద్ద పొట్లం చెల్లెలికి ఇవ్వాలిట. నన్ను మధ్యలో ఇలా తిప్పితే నేను చిక్కిపోతాను, ఇద్దరూ నాకు బాకీ."

లెసియేలి పొట్లం విప్పింది. ఆకులు వాడిపోయి నల్లబడ్డాయి, లోపల మాంసం ముక్క ఒక్కటే, మంచి ముక్క. నిన్నటిదాకా అయితే సగం తుంచి అతను తినేవాడు. ఆమె మొత్తం తినేసింది. వదిలేస్తే అవమానం.

"నేనేదో తప్పు చేసినట్టున్నాను," అన్నాడు వార్విక్ సారు సిస్టర్‌తో, ఆకు చేతిలో పట్టుకుని. "రెండో తరం చుట్టరికం. మా దేశంలో పండక్కి ఉత్తరం కూడా రాయం."

"మీ దేశంలో సార్," అంది సిస్టర్, "ఉత్తరాలు రాయకపోయినా బతకొచ్చు."

గురువారం సాయంత్రం ఇనోకే మెలెనైతే ఇంటికి వచ్చాడు. పెద్దల ఇంటికి వెళ్లే మర్యాదకు నడుముకు చాప చుట్టుకుని, భుజం మీద పెండలం మోసుకుంటూ వచ్చాడు. ఆ పెండలం హాఅపాయి నుంచి పడవలో వస్తుంటే ముగ్గురు మనుషుల చోటు తీసుకుందట, మధ్యదారిలో ఎవరో దాన్ని మీరు ఎక్కడ దిగుతారని కూడా అడిగారట. గుమ్మంలో దాన్ని దించి, గడప దాటకుండా కాళ్లు ముడుచుకుని కూర్చున్నాడు.

"మేనత్తా," అన్నాడు.

మెలెనైతే సమ్మెట కింద పెట్టింది. తడి చేతులు ఒడిలో తుడుచుకుంది. ఆ పిలుపును ఇంకోసారి వినాలన్నట్టు ముందుకు వంగింది.

"మేనత్తా, నేను సెమిసి మనవణ్ణి. రావలసినవాణ్ణి ఇన్నాళ్లూ రాలేదు. తప్పు."

"తప్పేముంది నాయనా," అందామె. "లిఫుకానుంచి వచ్చి నా గుమ్మంలో కూర్చున్నవాడివి నువ్వే మొదలు. ఆయన నుదురే. అచ్చం ఆయన నుదురే."

లెసియేలి తడిక వెనక ఉంది. అన్న వచ్చాడు కాబట్టి ముందుకు రాలేదు. తడిక సందులోంచి అతని భుజం, మోచేయి కనిపిస్తున్నాయి. మణికట్టు మోకాలి అవతల ఉంది.

"రేపటి పడవకు వెళ్లిపోతున్నాను," అన్నాడు ఇనోకే. "చెప్పి పోదామని వచ్చాను."

"పరీక్ష రేపే కదా? మా పిల్ల చెప్పింది."

"గది ఒక్కటే మేనత్తా. ఆసుపత్రి కూడా ఒక్కటే. నేను వసారాలో కూర్చుంటే ఆవిడ గొంతు నొప్పిపుట్టేలా పాఠం చదవాలి. ఆవిడ చదువుకోవాలి. నాకేం, మళ్లీ ఏదో పడవ చూసుకుంటాను."

"నలిగిన కాలితోనా?"

"మిగిలిన వేళ్లు బాగానే ఉన్నాయి."

అతను రెండు అరచేతులూ చప్పుడు లేకుండా కలిపి, వంగి, లేచి వెళ్లిపోయాడు. మెలెనైతే చాలాసేపు పెండలం మీద చేయి వేసుకుని కూర్చుంది, పసిబిడ్డను నిమిరినట్టు.

తరవాత సమ్మెట తీసుకుంటూ తల తిప్పింది. లెసియేలి తడిక ఇవతలికి వచ్చి నిలబడి, అతను వెళ్లిన దారి వంక చూస్తోంది. కుడిచేతి రెండు వేళ్లు ఎడమ మణికట్టు మీద ఉన్నాయి.

"ఏం చేస్తున్నావే?"

"పాఠం అత్తా. రేపు పరీక్ష."

"ఎంతొచ్చింది?"

"నూట పది."

"మంచిదేనా?"

"జ్వరంలో వస్తుంది."

మెలెనైతే మేనకోడలి నుదుటి మీద చేయి వేసి చూసింది. చల్లగా ఉంది. అయినా చేయి తీయలేదు. "ఆరు వారాలనుంచి ఇతని చెయ్యేనా పట్టుకుంది?"

లెసియేలి కూర్చుని ఎదుటి సమ్మెట అందుకుంది. ఇద్దరూ కొట్టడం మొదలుపెట్టారు. నాలుగు దెబ్బలు సరిగ్గా పడ్డాయి. అయిదోది మెలెనైతే చేతిలో పక్కకు జరిగి బెరడు చిరిగింది. ఆ చేతుల కింద చిరిగిన బెరడును ఊళ్లో ఎవరూ చూసి ఉండరు. ఆమె ఆ చిల్లులో వేలు పెట్టి, తీసి, "ఇవాల్టికి చాలు," అంది.

శుక్రవారం పొద్దున పరీక్ష. బల్లమీద రక్తపోటు చూసే పట్టీ, గుండె చప్పుడు వినే గొట్టం ఒకే ఒక్కటి, దూది, కట్లు కత్తిరించే కత్తెర వరసగా పెట్టి సిస్టర్ రిజిస్టరు తెరిచింది. మొదటి జంట అయింది. ఇనోకే మూట పక్కన పెట్టుకుని వసారాలో నిలబడి ఉన్నాడు. ఆరు వారాలు చదివినట్టు సిస్టర్ ఒక ఉత్తరం రాసిస్తానంది, దానికోసం. రేవులో పడవకు సరుకు ఎక్కిస్తున్నారు.

అప్పుడు వచ్చింది మెలెనైతే. పెద్ద చావులకు కట్టే మోకాళ్ల కిందిదాకా వచ్చే చాప నడుముకు కట్టుకుని, నల్ల గొడుగు పట్టుకుని, ఇనోకేను దాటుకుంటూ తిన్నగా లోపలికి వచ్చి గోడ ముందు నిలబడింది. ఆమెను చూసి అందరూ నేలమీద కూర్చున్నారు. వార్విక్ సారు కూర్చుని కూడా కిటికీ అంత ఎత్తున్నాడు.

"మా నాన్న ఎక్కడున్నాడిందులో?"

లెసియేలి చూపించింది.

"నేనెక్కడ?"

"ఇదిగో అత్తా, ఈ సున్నా."

"సున్నానా." కాసేపు చూసుకుంది. "సరిగ్గానే వేశావు. ఈ దారం ఎవరు కట్టారు?"

"నేనమ్మా," అన్నాడు వార్విక్ సారు.

మెలెనైతే పరీక్ష బల్ల దగ్గరకు వెళ్లి కత్తెర తీసుకుంది. వెనక్కి వచ్చి ఎర్ర దారాన్ని రెండు మేకుల మధ్య పట్టుకుని కత్తిరించింది. కట్లకు వాడే మొద్దు కత్తెర. ఉన్ని తెగడానికి మూడు సార్లు నొక్కాల్సి వచ్చింది.

"మా నాన్నకు తమ్ముడు లేడు," అంది.

"అత్తా," అంది లెసియేలి.

"నోరు ముయ్యి, ఒక్కసారే చెప్పగలను." ఆమె గోడవైపే తిరిగి మాట్లాడింది. "నాకు పన్నెండేళ్లు. మా నాన్న పోయి నెల. రేవులో ఎండలో నిలబడ్డాను. ఆ కెప్టెన్ పడవ దిగాడు. ఏం కూతురా, ఎవరికోసం నిలబడ్డావ్ అన్నాడు. తన టోపీ తీసి నా నెత్తిన పెట్టాడు. పడవ కదిలేదాకా అది నా నెత్తినే ఉంది. తరవాత అడిగి తీసుకున్నాడు. అంతే. ఆయన మాకేమీ కాడు. చుట్టమని నేనే అన్నాను. ఒకసారి అన్నాక రెండోసారి అనాల్సొచ్చింది. తరవాత ఎవరూ అడక్కపోయినా అన్నాను."

వసారాలోంచి ఇనోకే గొంతు వినిపించింది. "అందరినీ అలాగే అనేవాడు మేనత్తా."

"అలా పిలవకు," అందామె. పిలవద్దన్న తరవాత కళ్లు మూసుకుని ఒక క్షణం ఆగింది. "ఇంక పిలవకూడదు. మెలెనైతే అను. పెండలం నీది నువ్వు తీసుకెళ్లు."

"పెండలం ఉంచుకోండి. మెలెనైతే గారికే తెచ్చాను."

ఆమె గొడుగు తీసుకుంది. వార్విక్ సారు లేచి నిలబడ్డాడు. "అమ్మా, ఇలా నోటిమాటగా వచ్చే వంశవృక్షాలు చాలా విలువైనవి. నేను దీన్ని వ్యాసంలో కూడా..."

"నీకు విలువైనది కావాలంటే ఇంటికి రా బాబూ, బెరడుబట్ట ఇస్తాను. ఇది మాత్రం రాయకు."

ఇక్కడ నేనూ ఒక మాట ఒప్పుకోక తప్పదు. తొమ్మిది తరాలన్నాను. మూడు. నాలుగో తరంనుంచి నాకు తోచిన చేపల పేర్లు చెబుతాను. ఏడుస్తున్నవాళ్లు పట్టించుకోరు. నలభై ఏళ్ల కింద ఒక చావు దగ్గర మెలెనైతే కెప్టెన్ వరస చెబితే, లేచి నిలబడి, అవును నాకు తెలుసు అన్న పెద్దమనిషి ఎవరనుకున్నారు? నేనే. ఆ రోజు నా ముందు పెట్టిన పంది తొడ చాలా పెద్దది, నేను చాలా ఆకలిమీదున్నాను. ఇక దారం కత్తిరించిన తరవాతి ఆదివారం చర్చిలో మెలెనైతే అందరికన్నా వెనక వరసలో కూర్చుంది. నేను వెళ్లి పక్కన కూర్చుంటే, "జరుగు, నీ పక్కన కూర్చుంటే నన్ను అబద్ధాలకోరు అనుకుంటారు," అంది.

మళ్లీ శుక్రవారానికి వస్తాను. మెలెనైతే మెట్లు దిగి వెళ్లిపోయాక అందరూ లేచి ఎవరి చోట్లలో వాళ్లు కూర్చున్నారు. తెగిన దారం రెండు మేకులనుంచీ వేలాడుతోంది. సిస్టర్ కలోలైనే రిజిస్టరులో పేజీ వెనక్కి తిప్పింది.

"ఇనోకే. నీ పేరు ఇంకా కొట్టెయ్యలేదు. ఉత్తరం కావాలా, పరీక్ష కావాలా?"

అతను గుమ్మం దగ్గరకు వచ్చాడు. లోపల లెసియేలి ఉన్న గది. మూడు రోజుల మర్యాద కాళ్లలో ఉండిపోయింది, కాసేపు గడప దాటలేకపోయాడు. తరవాత మూట వసారాలోనే వదిలి లోపలికి వచ్చాడు. బల్లకు ఇవతల నిలబడ్డాడు. ఫూసి లేచి లెసియేలి పక్క స్టూలు ఖాళీ చేసి, తన అంతటి మనిషిని మోసి అలసిన ఆ స్టూలును చేత్తో తుడిచింది.

ఇనోకే దానిమీద కూర్చుని, చేయి చాచి బల్లమీద పెట్టాడు, అరచేయి పైకి. లెసియేలి తన వేళ్లను పావడాకు రుద్దుకుంది. మచ్చకు రెండు వేళ్ల కింద పెట్టింది. అతను ఇదివరకులా పైకప్పు వంక చూడలేదు. ఆమె కూడా గడియారం వంక చూడలేదు.

"నిమిషం," అంది సిస్టర్. "మొదలుపెట్టు."

రేవులో పడవ కూత వేసింది. మరోసారి వేసింది. గొలుసు లాగుతున్న చప్పుడు ఇంతదూరం వినిపించింది.

"ఎంత?"

"లెక్క తప్పింది సిస్టర్."

"మళ్లీ చూడు."

లెసియేలి మళ్లీ చూసింది. మళ్లీ తప్పింది. సిస్టర్ పెన్ను మూత పెట్టి, తీసి, మళ్లీ చూడమంది. మూడోసారి లెక్క తేలేలోపల పడవ రేవు దాటి వెళ్లిపోయింది.

ఇదంతా చూసినవాళ్లు చెప్పగా విన్నదే, ఒక్క ముక్క తప్ప. లెక్క తప్పడం నేను కల్పించాను. బెరడుబట్ట కొట్టే మనిషికి లెక్క తప్పదు. లెసియేలి మొదటిసారే తొంభై ఆరు అని చెప్పింది, సిస్టర్ రిజిస్టరులో వేసుకుంది, తరవాతి జంటను పిలిచింది. తరవాతి జంట వచ్చి బల్ల పక్కన నిలబడ్డారు. లెసియేలి వేళ్లు ఇంకా ఆ మచ్చ కిందే ఉన్నాయి. వాళ్లు కాసేపు చూసి, తొందరేం లేదంటూ నేలమీద కూర్చున్నారు.